బతికున్న ఎలుక మెదడులో ఆనందమైడ్‌ను ఎలా కొలవాలి? ఒక పీహెచ్‌డీ విద్యార్థి ప్రశ్నకు జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఎలుకల్ని పది రోజులు, రోజుకో గంట చొప్పున గొట్టంలో కదలకుండా ఉంచి ఒత్తిడికి గురిచేస్తున్నారు. అప్పుడు అమిగ్డలాలో (మెదడులో భయానికీ ఒత్తిడికీ స్పందించే భాగం) ఆనందమైడ్, 2-ఏజీ అనే రెండు సంకేత రసాయనాలు ఎలా మారతాయో మీకు తెలియాలి. ఎలుకను చంపి, మెదడు ముక్క తీసి అందులో కొలిస్తే చాలని మీ ప్రొఫెసర్ గారంటున్నారు. సీనియర్ మైక్రోడయాలసిస్ (బతికున్న మెదడులోని ద్రవం నుంచి సన్నటి ప్రోబ్‌తో అణువుల్ని పట్టి కొలవడం) చేయమంటున్నారు. మీకేమో కాన్ఫరెన్స్‌లో చూసిన, ఈ రసాయనాలు తగిలితే వెలిగే సెన్సర్ల మీద మనసుంది. ఏది సరైనది, ఎన్ని ఎలుకలు కావాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మీ ప్రశ్నకు మైక్రోడయాలసిస్ చేయండి. కణజాలంలో కొలవడం పూర్తిగా మానేయక్కర్లేదు, విడిగా ఒక చిన్న గుంపులో తోడుగా పెట్టుకోండి. సెన్సర్ జోలికి ఈ థీసిస్‌లో వెళ్లకండి. అది మంచి పరికరమే గానీ, ఆనందమైడ్‌ని, 2-ఏజీని విడదీసి చూపించలేదు. మీ ప్రశ్న అంతా ఆ విడదీయడం మీదే ఉంది.

ఇప్పుడు కారణాలు. దాదాపు ఇరవై ఏళ్లుగా ఎలుకల మెదడులోని ద్రవాన్ని బొట్టు బొట్టుగా పట్టి కొలుస్తున్నాను. మొదట డోపమైన్ అనే మరో సంకేత రసాయనంతో మొదలుపెట్టి, తర్వాత ఈ కొవ్వు జాతి అణువుల వైపు వచ్చాను. డోపమైన్ దగ్గర నేర్చుకున్న అలవాట్లు ఇక్కడ కొన్ని పనికొచ్చాయి, కొన్ని నిలువునా ముంచాయి.

ఆనందమైడ్‌ని 1992లో జెరూసలెంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో రఫేల్ మెషూలం బృందం పంది మెదడు నుంచి వేరుచేసింది. మన 'ఆనంద' శబ్దం నుంచే దానికా పేరు పెట్టారు. 2-ఏజీ గురించి 1995లో తెలిసింది. రెండూ సీబీ1 అనే ఒకే రిసెప్టర్ (కణం మీద సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) మీద పనిచేస్తాయి. గంజాయిలోని టీహెచ్‌సీ వెళ్లి కూర్చునేది కూడా దాని మీదే. అయితే డోపమైన్‌కీ వీటికీ అసలు తేడా మరోచోట ఉంది. డోపమైన్ ముందే తయారై న్యూరాన్ లోపల చిన్న చిన్న సంచుల్లో నిల్వ ఉంటుంది. ఇవి అలా నిల్వ ఉండవు. అవసరం పడ్డప్పుడు కణం పైపొరలోని కొవ్వు నుంచి అప్పటికప్పుడు తయారై, పని చేసి, వెంటనే విరిగిపోతాయి. ఆనందమైడ్‌ని ముఖ్యంగా ఎఫ్ఏఏహెచ్ అనే ఎంజైమ్, 2-ఏజీని ముఖ్యంగా ఎంఏజీఎల్ అనే ఎంజైమ్ విరగ్గొడతాయి.

కణజాలం కొలత ఎక్కడ మోసం చేస్తుందో ఇప్పుడు చూడండి. ఇంట్లో బియ్యం బస్తా ఎంతుందో చూసి ఈ పూట ఎంత వండారో చెప్పలేం కదా. డోపమైన్ విషయంలో కణజాలం కొలత అలాంటిదే, బస్తా మాత్రమే కనిపిస్తుంది. ఆనందమైడ్ దగ్గర పరిస్థితి ఇంకా కష్టం, ఎందుకంటే చావే దాన్ని తయారు చేయిస్తుంది. తల తెగగానే రక్తం ఆగుతుంది, ఆక్సిజన్ అందదు, కణాల్లో శక్తి పడిపోతుంది, కాల్షియం లోపలికి పొంగుతుంది. ఈ అణువుల్ని తయారుచేసే ఎంజైమ్‌లకు ఆ కాల్షియమే పిలుపు. కొన్ని సెకన్లలోనే 2-ఏజీ పెరుగుతుంది. ఆనందమైడ్ కూడా మెదడు బయటికి తీసి గడ్డకట్టించేలోపు పెరుగుతూనే ఉంటుంది. తల మీదికి ఎక్కువ శక్తి గల మైక్రోవేవ్ పంపి, ఎంజైమ్‌లన్నిటినీ క్షణాల్లో చంపేసి కొలిచినవాళ్లకు ఆనందమైడ్ చాలా తక్కువ కనిపించింది. వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ ఆ పనికి అస్సలు పనికిరాదు, దానికి ప్రత్యేకమైన యంత్రం ఉంటుంది.

ఇంకో సంగతి. కణజాలంలో కొలిస్తే ఆనందమైడ్ కంటే 2-ఏజీ వంద రెట్లకు పైగా ఎక్కువ కనిపిస్తుంది. కణాల మధ్య ద్రవంలో కొలిస్తే ఆ తేడా కొద్ది రెట్లకు దిగిపోతుంది. కణజాలంలో కనిపించే 2-ఏజీలో ఎక్కువ భాగం సంకేతం కోసం ఉన్నది కాదు. కణం తన కొవ్వుల్ని మార్చుకునే దారిలో మధ్యలో తగిలే పదార్థం అది. మీరు 'ఒత్తిడి వల్ల 2-ఏజీ 20 శాతం పెరిగింది' అని రాస్తే, పెరిగింది సంకేతమా, ఆ పెద్ద కుప్పలో చిన్న కదలికా అని రివ్యూయర్ అడుగుతారు. మీ దగ్గర జవాబుండదు.

నాకు ఎదురైన ఒక అనుభవం చెప్తాను. చాలా ఏళ్ల కిందట మా ల్యాబ్‌లో కణజాలంతోనే ఒక ప్రయోగం చేశాం. ఒత్తిడి పెట్టిన ఎలుకల్లో ఆనందమైడ్ స్పష్టంగా ఎక్కువ వచ్చింది. అందరం సంబరపడ్డాం. తర్వాత నోట్‌బుక్ తిరగేస్తుంటే ఒక విషయం కంటబడింది. కంట్రోల్ ఎలుకలన్నిటినీ పొద్దున్నే చేశాం, మెదడు తీసింది చేయి తిరిగిన టెక్నీషియన్. ఒత్తిడి గుంపు మధ్యాహ్నం వచ్చింది, తీసింది కొత్తగా చేరిన విద్యార్థి. ఆయనకు ఒక్కో మెదడుకి రెండు మూడు నిమిషాలు ఎక్కువ పట్టింది. అదే ప్రయోగాన్ని ఇద్దరి మధ్య సమంగా పంచి, రెండు గుంపుల్నీ కలిపి వరుస మార్చి, మెడ కోసిన క్షణం నుంచి డ్రై ఐస్ మీద పెట్టేదాకా స్టాప్‌వాచ్ పట్టుకుని మళ్లీ చేశాం. తేడా పోయింది. మేం ఒత్తిడిని కొలవలేదు, కత్తెర వేగాన్ని కొలిచాం. ఆ ఫలితం అచ్చు కాలేదు, అదొక్కటే ఊరట.

అందుకే కణజాలం కొలత పెట్టుకుంటే రెండు పనులు తప్పనిసరిగా చేయండి. ప్రతి ఎలుకకీ సెకన్లు రాయండి, గుంపుల్ని కలిపి చేయండి. మీ ప్రొఫెసర్ గారి మాటలో న్యాయం లేకపోలేదు. ఒక్కసారి బంధిస్తే అమిగ్డలాలో ఆనందమైడ్ తగ్గడం, రోజూ బంధిస్తే 2-ఏజీ పెరగడం అనే ప్రసిద్ధ ఫలితాలు చాలావరకు కణజాలం నుంచి వచ్చినవే. వాటితో పోల్చుకోవడానికి మీకూ ఒక కణజాలం సంఖ్య ఉండాలి. అదొక్కదాని మీదే థీసిస్ కట్టొద్దని మాత్రమే నేననేది.

ఇక మైక్రోడయాలసిస్. సన్నటి ప్రోబ్ కొనకి ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర ఉంటుంది. లోపల నిమిషానికి 1 లేదా 2 మైక్రోలీటర్ల చొప్పున, మెదడు ద్రవం లాంటి ఉప్పునీళ్లు పారుతుంటాయి. బయట ఉన్న చిన్న అణువులు పొర దాటి ఆ నీళ్లలో చేరతాయి. వాటిని గొట్టం ద్వారా బయటికి తెచ్చి మాస్ స్పెక్ట్రోమీటర్‌కి (అణువుల్ని వాటి బరువుతో గుర్తుపట్టే యంత్రం) ఇస్తాం. డోపమైన్, గ్లూటమేట్ లాంటి నీళ్లలో కరిగే అణువులకు ఇది చాలాకాలంగా నలిగిన దారి. 1970ల్లో స్వీడన్‌లో ఉంగర్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త దీన్ని పట్టాలెక్కించారు.

కొవ్వు అణువులకు మాత్రం ఈ దారి నిండా ముళ్లే. ఆనందమైడ్‌కి నీళ్లంటే పడదు, ప్లాస్టిక్ అంటే ప్రాణం. పొర దాటి వచ్చిన ఆ కాస్తా గొట్టం గోడలకే అంటుకుపోతుంది. నేను మొదలుపెట్టిన కొత్తల్లో ఆరు వారాలపాటు ఒక్క పీక్ (అణువు ఉందని యంత్రం గీతలో చూపించే శిఖరం) కూడా కనిపించలేదు. ఎలుకల్ని అనుమానించాను, సర్జరీని అనుమానించాను, ఆఖరికి యంత్రాన్నీ అనుమానించాను. ఒకరోజు ఎలుకను పక్కనపెట్టి, ప్రోబ్‌ని చిన్న గాజు సీసాలో ముంచాను. అందులో నాకు తెలిసిన మోతాదులో డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) తగిలించిన ఆనందమైడ్ ఉంది. అవతలి చివర పట్టిన బొట్టులో దాదాపు ఏమీ లేదు. మింగేసింది గొట్టమే. డోపమైన్‌కి అన్నేళ్లూ వాడిన గొట్టమే అది.

అప్పటినుంచి ఏ కొత్త ప్రోబ్ వచ్చినా, ఏ గొట్టం మార్చినా ముందు ఆ సీసా పరీక్ష చేశాకే ఎలుక దగ్గరికి వెళ్తాను. మీరు కూడా మొదటి నెలంతా ఎలుకను ముట్టుకోకుండా సీసాతోనే గడపండి. బయటికొచ్చే వైపు గొట్టం వీలైనంత పొట్టిగా, వీలైతే సన్నటి గాజు నాళంగా ఉండాలి. పారే ద్రవంలో హైడ్రాక్సీప్రొపిల్ బీటా సైక్లోడెక్స్ట్రిన్ కలపండి. అది చక్కెర అణువుల ఉంగరం. బయట నీళ్లతో కలుస్తుంది, లోపలి బోలులో కొవ్వు అణువుని దాచుకుంటుంది. అలా గోడలకు అంటకుండా మోసుకొస్తుంది. అయితే దాని ఖర్చు దానికుంది. అది ఆ చుట్టుపక్కల కొవ్వుల్ని తనవైపు లాగుతుంది, కొంత మెదడులోకీ జారుతుంది. కాబట్టి మీకొచ్చే సంఖ్య మెదడులోని నిజమైన గాఢత కాదు. అదే ఎలుకలో ముందుకీ తర్వాతకీ మధ్య తేడా చెప్పడానికి మాత్రం పనికొస్తుంది. పేపర్‌లో 'నానోమోలార్' అని రాసేముందు ఇది గుర్తుంచుకోండి.

ఎంత తక్కువ పదార్థంతో పని చేస్తున్నామో ఒకసారి లెక్క వేసుకోండి. 20 మైక్రోలీటర్ల బొట్టులో ఆనందమైడ్ 1 నానోమోలార్ ఉందనుకుంటే, మొత్తం 20 ఫెమ్టోమోల్‌లు. బరువులో సుమారు 7 పికోగ్రాములు. అందులో మూడోవంతు సీసా గోడకి అంటినా మీ ఫలితం తలకిందులే. నేను బొట్టు పట్టే గాజు సీసాలో ముందే కొంచెం చల్లని ఎసిటోనైట్రైల్, అందులో డ్యూటీరియం స్టాండర్డ్ (డ్యూటీరియం తగిలించిన అవే అణువులు, తెలిసిన మోతాదులో) వేసి ఉంచుతాను. బొట్టు పడగానే కలిసిపోతుంది, ఎంజైమ్ ఏదైనా ఉంటే అక్కడే ఆగిపోతుంది. స్టాండర్డ్ కూడా శాంపిల్‌తోపాటే అన్ని నష్టాలూ పడుతుంది కాబట్టి లెక్క నిలబడుతుంది. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో ఆనందమైడ్‌ని 348 నుంచి 62కి, 2-ఏజీని 379 నుంచి 287కి విరిగే జతలతో పట్టుకుంటాం. 2-ఏజీ కదలకుండా కూర్చునే అణువు కాదు, గది వేడిలో ఉంచితే మెల్లగా 1-ఏజీగా మారిపోతుంది. అణువుల్ని విడదీసే కాలమ్ మీద రెండూ పక్కపక్కన రెండు పీక్‌లుగా కనిపిస్తాయి. రెండింటినీ కలిపి లెక్కించండి. అలా కలిపామని మెథడ్స్‌లో రాయండి.

ఈ కష్టమంతా పడితే దక్కేదేమిటో చెప్పడానికి ఒక ఉదాహరణ. 2007లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ పరిశోధకులు, లీవర్ నొక్కి తమంతట తామే మత్తు తీసుకునే ఎలుకల్లో, న్యూక్లియస్ అకంబెన్స్ అనే మెదడు భాగంలో ఈ రెండింటినీ మైక్రోడయాలసిస్‌తో కొలిచారు. ఆల్కహాల్ తీసుకున్న ఎలుకల్లో 2-ఏజీ పెరిగింది, ఆనందమైడ్ కదల్లేదు. హెరాయిన్ దగ్గర తిరగబడింది. ఆనందమైడ్ పెరిగి, 2-ఏజీ కొంచెం తగ్గింది. ఒకే రిసెప్టర్ మీద పనిచేసే రెండు అణువులు, ఒకే చోట, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కదిలాయి. రెండింటినీ కలిపి చూపించే పద్ధతైతే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు. మీ అమిగ్డలా కథ కూడా ఇలాగే ఉండొచ్చు.

మీ ప్రయోగంలో ఆచరణకి సంబంధించిన చిక్కు ఒకటుంది. ప్రోబ్ పది రోజులు మెదడులో ఉండకూడదు, దాని చుట్టూ మచ్చకట్టి పొర మూసుకుపోతుంది. కాబట్టి మొదట కాన్యులా (తర్వాత ప్రోబ్ దించడానికి దారిచ్చే సన్నటి గొట్టం) మాత్రమే పెట్టండి. తల చర్మం తెరిచి, పుర్రెని హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచిన దూదితో తుడవండి. నురగ ఆరాక ఎముకల అతుకులు సన్నటి గీతల్లా తేలతాయి. ముందువైపు ఆ గీతలు కలిసే చోటే బ్రెగ్మా, మీ కొలతలన్నీ అక్కడి నుంచే. ఇక్కడ తొందరపడకండి. అతుకు వంకరగా ఉన్న ఎలుకలూ ఉంటాయి, అలాంటప్పుడు గీతలకి సగటు రేఖ ఊహించుకుని చుక్క పెట్టాలి. అమిగ్డలా లోతుగా ఉంటుంది. పైన అర మిల్లీమీటరు తప్పితే కింద వేరే ఊళ్లో దిగుతారు. తర్వాత వారం రోజులు కోలుకోనివ్వండి. ఆ తర్వాత బంధించడం మొదలుపెట్టండి. ప్రోబ్‌ని తొమ్మిదో రోజు బంధించడం అయ్యాక, సాయంత్రం దించండి. రాత్రంతా నెమ్మదిగా ద్రవం పారనిచ్చి, పదో రోజు కొలవండి.

బంధించే గొట్టం గురించి ఎవరూ రాయరు, అందుకే చెప్తున్నాను. తల మీద కాన్యులాని పట్టి ఉంచే డెంటల్ సిమెంట్ గడ్డ ఉన్న ఎలుక మామూలు గొట్టంలో పట్టదు, పట్టినా గడ్డ గీసుకుని ఊడుతుంది. గొట్టం పైభాగంలో పొడవునా సందు కోయించండి, అంచులు నున్నగా రుద్దించండి. కంట్రోల్ ఎలుకలకీ అదే రోజుల్లో, అదే మనిషి, అంతేసేపు చేత్తో పట్టుకుని మళ్లీ పంజరంలో పెట్టాలి. లేకపోతే చేత్తో తాకడం వల్ల వచ్చిన మార్పు ఒత్తిడి ఖాతాలో పడుతుంది.

కొలిచే రోజు 20 నిమిషాలకొక బొట్టు. నాలుగు బొట్లు ప్రశాంతంగా ఉన్నప్పుడు, మూడు బంధించిన గంటలో, ఆరు వదిలాక. అన్ని ఎలుకల్నీ రోజులో ఒకే సమయానికి కొలవండి. ఈ అణువులు పగటికీ రాత్రికీ మారతాయి, ఆకలికీ మారతాయి. మేత ఎప్పుడు తీశారు, లైట్లు ఎప్పుడు వెలిగాయి అన్నీ నోట్‌బుక్‌లో ఉండాలి.

వచ్చిన పీక్ నిజంగా బతికున్న కణాల నుంచి వచ్చిందేనని చూపించాలి. డోపమైన్‌కి టెట్రోడోటాక్సిన్ అనే విషం పారించి న్యూరాన్ల విద్యుత్ సంకేతాలు ఆపితే పీక్ పడిపోతుంది, అదే రుజువు. ఇక్కడ నేను నమ్మేది ఎంజైమ్ పరీక్ష. యూఆర్‌బీ597 అనే నిరోధకం ఇచ్చి ఎఫ్ఏఏహెచ్‌ని ఆపితే ఆనందమైడ్ పెరగాలి, 2-ఏజీ కదలకూడదు. జేజెడ్ఎల్184 అనే నిరోధకం ఇచ్చి ఎంఏజీఎల్‌ని ఆపితే 2-ఏజీ పెరగాలి. మూడు నాలుగు ఎలుకల్లో ఇది చూపిస్తే చాలు, పేపర్ బలం రెట్టింపవుతుంది.

సెన్సర్ ఎందుకొద్దన్నానో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ ఆసక్తి నాకు అర్థమైంది. పెకింగ్ విశ్వవిద్యాలయంలో యూలాంగ్ లీ బృందం సీబీ1 రిసెప్టర్‌కే వెలిగే ప్రోటీన్ అతికించి గ్రాబ్-ఈసీబీ2.0 అనే సెన్సర్ తయారుచేసింది. వైరస్ ద్వారా న్యూరాన్లలోకి పంపి, సన్నటి ఆప్టికల్ ఫైబర్‌తో వెలుగు చూస్తారు. పరుగెత్తుతున్న చిట్టెలుక మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగంలో ఈ సంకేతాలు సెకన్లలో లేచి పడటం దీంతోనే కనిపించింది. మైక్రోడయాలసిస్‌తో అది జన్మలో కనిపించదు, 20 నిమిషాల బొట్టులో కరిగిపోతుంది. నేను మొదటిసారి ఆ గీతని స్క్రీన్ మీద చూసినప్పుడు చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. ఇన్నేళ్లూ సగటు చూస్తూ వచ్చిన విషయం అక్కడ ప్రాణంతో కదులుతోంది.

అయినా మీకిది కుదరదు. ఒకటి, ముందే చెప్పాను, ఆ సెన్సర్ రెండు అణువులకీ వెలుగుతుంది. రెండు, అది చూపించేది మోతాదు కాదు, వెలుగులో మార్పు. వైరస్ వల్ల సెన్సర్ ఎంత తయారైందనేది ఎలుక ఎలుకకీ, వారం వారానికీ మారుతుంది. ఒకటో రోజు వెలుగుని పదో రోజు వెలుగుతో పోల్చి 'అసలు మట్టం పెరిగింది' అనలేరు. బంధించిన క్షణంలో ఏం జరుగుతుందనేదే మీ ప్రశ్నైతే, అప్పుడు సెన్సరే సరైనది. ఎప్పటికైనా ఆ దారి పడితే, అణువుకి అతుక్కోని మ్యూటెంట్ సెన్సర్‌ని కంట్రోల్‌గా పెట్టండి. ఏఎం251 లాంటి సీబీ1 నిరోధకం ఇచ్చి వెలుగు పోతోందా చూడండి. కదలిక వల్ల వచ్చే తప్పుడు మార్పుల్ని పట్టడానికి వాడే 405 నానోమీటర్ల కంట్రోల్ వెలుగు ఒక్కదాన్నే నమ్ముకోకండి, ఈ జాతి సెన్సర్లకు అది సరిగ్గా సరిపోదు. మీరు చేసేది కదలకుండా బంధించడం, అంటే ఎలుక గింజుకుంటుంది. ఆ గింజులాటలో ఫైబర్ కదిలితే అచ్చం సంకేతంలాంటి గీతే వస్తుంది.

కార్బన్ ఫైబర్ ఎలక్ట్రోడ్ గురించి కూడా చివర్లో అడిగారు. 7 మైక్రోమీటర్ల ఫైబర్ మీద సెకనుకి పదిసార్లు వోల్టేజ్ ఎక్కించి దించి డోపమైన్‌ని పట్టే పద్ధతి అది. డోపమైన్ సులభంగా ఆక్సీకరణ చెందుతుంది కాబట్టి పనిచేస్తుంది. ఆనందమైడ్‌కి ఆ గుణం లేదు. ఆ ఆలోచన వదిలేయండి.

ఇక ఎలుకల సంఖ్య. మైక్రోడయాలసిస్‌లో ప్రతి ఎలుకా తనకు తానే కంట్రోల్, ఒకే ఎలుక నుంచి పదమూడు బొట్లు వస్తాయి. కణజాలంలో ఒక్కో సమయానికి ఒక్కో గుంపుని చంపాలి. ఎథిక్స్ కమిటీకి ఫారం-బి (జంతు ప్రయోగాల అనుమతి దరఖాస్తు) రాసేటప్పుడు ఈ మాట తప్పకుండా రాయండి. ఇది కమిటీని ఒప్పించడానికి చెప్పే మాట కాదు, నిజంగానే తక్కువ ప్రాణాలతో పని అవుతుంది. గుంపుకి చివరికి 8 ఎలుకలు మిగలాలని మీ పైలట్ లెక్క చెబితే, నా అనుభవంలో 12తో మొదలుపెట్టాలి. ఒకటి రెండు తల మీది గడ్డ ఊడగొట్టుకుంటాయి, ఒకదాని పొర చిరుగుతుంది, ఒకటి రెండింట్లో ప్రోబ్ అమిగ్డలా దాటి పడి ఉంటుంది. అందుకే కొలతలు అయ్యాక ప్రతి మెదడునీ పలచగా కోసి, రంగు వేసి, ప్రోబ్ జాడ మైక్రోస్కోప్ కింద చూడండి. ఆ చూసే మనిషికి ఏ ఎలుక ఏ గుంపుదో, దాని సంఖ్యలేమిటో తెలియకూడదు. జాడ తప్పిన ఎలుకల ఫలితాలు పారేయకండి, విడిగా ఒక పట్టికలో పెట్టండి. అమిగ్డలాకి అర మిల్లీమీటరు అవతల మార్పు లేదని ఆ పట్టిక చూపించిందంటే, మార్పు అమిగ్డలాలోనే జరిగిందనడానికి మీ దగ్గరున్న మంచి సాక్ష్యం అదే.

సీసా పరీక్ష చేశాక, అందులో మీ ప్రోబ్ ఎంత శాతం రాబట్టిందో ఇక్కడే రాయండి. గొట్టం ఏ పదార్థంతో చేసిందో, ఎంత పొడవో కూడా చెప్పండి. చూసి జవాబిస్తాను.